‘అక్క’లో అక్షరాలెన్ని? గో కమాండ్‌ను అర్థం చేసుకునే ఒక దారి

‘అక్క’ అనే మాటలో అక్షరాలెన్ని అని ఒకటో తరగతి పిల్లను అడిగితే రెండని చెబుతుంది. అదే ప్రశ్న గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను అడిగితే 12 అనొచ్చు, 4 అనొచ్చు, 3 అనొచ్చు, 2 కూడా అనొచ్చు. గోలో ‘లెన్’ అనేది బైట్లను లెక్కపెడుతుంది. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి 12. అ, క, పొల్లు, క అని యూనికోడ్ (లిపులన్నిటి గుర్తులకూ నంబర్లిచ్చే ప్రమాణం) గుర్తులను లెక్కపెడితే 4. ఇంతవరకు మన చేతిలోని విషయమే. మూడా, రెండా అన్నది మాత్రం అక్షరాలను విడదీయడానికి మనం తెచ్చుకున్న ప్యాకేజీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్, ఏ వెర్షనో దాన్నిబట్టి ఉంటుంది. యూనికోడ్ 15.0 నియమాల ప్రకారం ‘అ’, ‘క్’, ‘క’ అని మూడు ముక్కలు. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 15.1లో భారతీయ లిపుల ఒత్తుల కోసం కొత్త నియమం చేర్చారు, అందులో తెలుగు కూడా ఉంది. దాని ప్రకారం ‘అ’, ‘క్క’ అని రెండే.

అంటే మనం రాసిన కోడ్‌లో చుక్క కూడా మారకుండానే జవాబు మారిపోవచ్చు. నా కంప్యూటర్‌లో రెండు, మీ కంప్యూటర్‌లో మూడు. ఇద్దరం మాట్లాడుకుంటున్నది ఒకే ప్రోగ్రామ్ గురించేనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడమే గో కమాండ్, అంటే టెర్మినల్‌లో ‘గో’ అని కొట్టి నడిపే పనిముట్టు, చేసే అసలు పని. చాలామంది దాన్ని పరీక్షకు బట్టీ పట్టినట్టు నేర్చుకుంటారు: ఇది బిల్డ్, ఇది రన్, ఇది టెస్ట్. అలా నేర్చుకున్నవాళ్లు మొదటి ఎర్రర్ దగ్గరే ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను. తప్పు వాళ్లది కాదు. ఈ కమాండ్ ఇలా ఎందుకు తయారైందో ఎవరూ వాళ్లకు చెప్పకపోవడమే తప్పు.

ముందే ఒక మాట. కమాండ్ల పేర్లను మనం నోటితో అనుకునేటట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఆంగ్లాక్షరాల్లోనే టైప్ చేయాలి.

గో గెట్‌కు మూడు అర్థాలు

కొత్తగా నేర్చుకునేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ‘గో గెట్’. యూట్యూబ్‌లో 2017 నాటి పాఠం ఒకటి చెబుతుంది, 2019 నాటిది ఇంకోటి చెబుతుంది, ఇవాళ్టి కంప్యూటర్ ఆ రెండూ కుదరవంటుంది. నిజానికి ఆ పాఠాలేవీ అబద్ధం కాదు. కమాండ్ అర్థమే మారింది.

2012లో గో గెట్ అంటే, ఇంటర్నెట్ నుంచి కోడ్ తెచ్చి, కంపైల్ చేసి (యంత్రం నడపగల రూపంలోకి మార్చి), తయారైన ప్రోగ్రామ్‌ను మన కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయడం. మూడు పనులూ ఒకే దెబ్బతో అయిపోయేవి. 2018 ఆగస్టులో గో 1.11తో మాడ్యూళ్లు, అంటే ఒకే వెర్షన్ నంబర్ ఉండే ప్యాకేజీల కట్టలు, వచ్చాక దానికి నాలుగో పని అంటుకుంది: ఏ వెర్షన్ తెచ్చామో ప్రాజెక్టులోని ‘గో డాట్ మాడ్’ అనే ఫైల్‌లో రాసిపెట్టడం. దీంతో ఒక చిక్కు వచ్చింది. ఎవరో రాసిన చిన్న పనిముట్టును మన వాడకం కోసం ఇన్‌స్టాల్ చేసుకుంటే, దానికి సంబంధం లేని మన ప్రాజెక్టు ఫైల్‌లో కూడా దాని పేరు వచ్చి చేరేది. అందుకే రెండు పనులనూ విడగొట్టారు. 2021 ఫిబ్రవరిలో గో 1.16తో ‘గో ఇన్‌స్టాల్’కు ప్యాకేజీ పేరు, ఎట్ గుర్తు, వెర్షన్ కలిపి ఇచ్చే వీలు వచ్చింది. అది గో డాట్ మాడ్‌ను ముట్టుకోదు. 2022 మార్చిలో గో 1.18తో గో గెట్ కంపైల్ చేయడం పూర్తిగా మానేసింది.

కాబట్టి ఇవాళ్టి లెక్క ఇది. పనిముట్టు కావాలంటే గో ఇన్‌స్టాల్. మన కోడ్‌కు ఫలానా ప్యాకేజీ ఫలానా వెర్షన్ కావాలని రాసుకోవాలంటే గో గెట్. పాత పాఠం చూస్తూ ఏ ఫోల్డర్‌లో పడితే ఆ ఫోల్డర్‌లో గో గెట్ కొడితే, గో డాట్ మాడ్ ఫైల్ దొరకలేదని, మాడ్యూల్ బయట గో గెట్ ఇక పనిచేయదని, గో ఇన్‌స్టాల్ వాడమని అదే చెబుతుంది. ఆ ఎర్రర్‌ను చివరిదాకా చదవండి. దారి అందులోనే రాసి ఉంటుంది.

ఒకే చెట్టు, ఒకే నకలు

గో భాష పనిని రాబర్ట్ గ్రీసెమర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ గూగుల్‌లో 2007 సెప్టెంబర్‌లో మొదలుపెట్టారు. 2009 నవంబర్ 10న లోకానికి చూపించారు. అప్పటికి గో కమాండ్ అనేదే లేదు. ఇంటెల్ 64 బిట్ యంత్రానికి 6జీ అనే కంపైలర్, 32 బిట్‌కు 8జీ, వాటి పక్కన లింకర్లు, ఇవన్నీ నడపడానికి మేక్‌ఫైల్. 2012 మార్చి 28న గో 1 వచ్చినప్పుడు వీటన్నిటినీ ఒక్క కమాండ్ కిందికి తెచ్చారు.

ఆ కమాండ్‌లో నాకు ఇప్పటికీ అందంగా అనిపించే ఆలోచన ఒకటుంది. బిల్డ్ ఎలా చేయాలో చెప్పే ఫైల్‌ను మనం వేరుగా రాయనక్కర్లేదు. కోడే చెప్పేస్తుంది. ఒక ఫోల్డర్ అంటే ఒక ప్యాకేజీ. ఫైల్ పేరు చివర ‘అండర్‌స్కోర్ టెస్ట్’ అని ఉంటే అది పరీక్షల ఫైల్. చివర ‘అండర్‌స్కోర్ విండోస్’ అని ఉంటే విండోస్ కోసం బిల్డ్ చేసేటప్పుడే దాన్ని కలుపుకుంటుంది. ఇంపోర్ట్ లైన్‌లో రాసే పేరే ఆ కోడ్ ఉండే చిరునామా. గిట్‌హబ్ డాట్ కామ్ స్లాష్ ఫలానా అని రాస్తే దాన్ని ఎక్కడి నుంచి తేవాలో కమాండ్‌కు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

లోపం ఎక్కడంటే, చిరునామాలో వెర్షన్ లేదు. కోడ్ అంతా ‘గోపాత్’ అనే ఒకే చెట్టు కింద ఉండాలి. ఆ చెట్టులో ఒక్కో ప్యాకేజీకి ఒకే నకలు. ఈ ప్రాజెక్టుకు పాతది, ఆ ప్రాజెక్టుకు కొత్తది కావాలంటే కుదరదు. గూగుల్ లోపల కోడంతా ఒకే పెద్ద రిపాజిటరీలో, అంటే కోడ్ దాచే చోట, ఉంటుంది, అందరూ తాజా కోడ్ మీదే పనిచేస్తారు. అందువల్ల అక్కడ ఇది పెద్ద సమస్యగా కనబడలేదు. బయట ఉన్నవాళ్లకు అలా కాదు. నేను ఇవాళ దించుకున్న కోడ్, మీరు వచ్చే నెల దించుకునే కోడ్ వేరువేరు. 2015లో గో 1.5తో ‘వెండర్’ ఫోల్డర్ వచ్చింది, అంటే వాడే ప్యాకేజీలన్నిటినీ మన ప్రాజెక్టులోకే నకలు చేసి పెట్టుకోవడం. గోడెప్, గ్లైడ్, డెప్ అంటూ బయటి పనిముట్లు కొన్ని వచ్చాయి. ఊరికో పద్ధతి అయింది.

2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతి ఈ బలహీనతను అందరి కళ్లముందూ పెట్టింది. బొమ్మలు, టెంప్లేట్ల వంటి ఫైళ్లను గో ప్రోగ్రామ్‌లోనే కలిపేసే గో-బిన్‌డేటా అనే ప్యాకేజీని చాలామంది వాడేవారు. దాని రచయిత తన గిట్‌హబ్ ఖాతాను తీసేశారు. దాంతో ఆ ఖాతా పేరు ఖాళీ అయింది. బిల్డ్‌లు ఆగిపోకూడదన్న మంచి ఉద్దేశంతోనే వేరే వ్యక్తి అదే పేరుతో కొత్త ఖాతా తెరిచి, పాత కోడ్‌ను అక్కడ మళ్లీ పెట్టారు. అంతా సవ్యంగానే జరిగింది. కానీ ఆలోచించండి. ఇంటి నంబర్ అదే, లోపల ఉన్న మనిషి వేరు. తలుపు తట్టేవాళ్లకు ఆ తేడా తెలిసే మార్గం లేదు. ఆ ఖాళీ అయిన పేరును దురుద్దేశం ఉన్నవాళ్లు తీసుకుని ఉంటే?

‘కనీసం’ అనే మాట

అదే ఫిబ్రవరిలో గో బృందంలోని రస్ కాక్స్ ‘వీగో’ పేరుతో ఒక ప్రతిపాదన బయటపెట్టారు. ఇవాళ్టి మాడ్యూళ్లకు మూలం అదే. నా దృష్టిలో గో కమాండ్ మొత్తంలో నిదానంగా కూర్చుని అర్థం చేసుకోదగ్గ భాగం ఇది. ఇదొక్కటి అర్థమైతే మిగతావి చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

కొత్త ఫోల్డర్‌లో ‘గో మాడ్ ఇనిట్’ అని కొట్టి మాడ్యూల్ పేరు ఇస్తే గో డాట్ మాడ్ అనే చిన్న ఫైల్ తయారవుతుంది. అందులో మాడ్యూల్ పేరు, గో వెర్షన్ ఉంటాయి. వేరే ప్యాకేజీలు వాడటం మొదలుపెట్టాక ‘రిక్వైర్’ లైన్లు చేరతాయి: ఫలానా మాడ్యూల్, 1.2.0. ఈ లైన్‌ను చాలామంది ‘1.2.0 మాత్రమే కావాలి’ అని చదువుకుంటారు. అది తప్పు. దాన్ని ‘కనీసం 1.2.0 కావాలి’ అని చదవాలి.

ఒక ఇంట్లో ముగ్గురు కలిసి ఊరికి బయల్దేరాలి. నాన్నకు ఆరు దాటితే ఎప్పుడైనా సరే. అమ్మకు ఆరున్నర దాటాలి. అన్నయ్యకు ఏడు కావాలి. ముగ్గురికీ కుదిరే మొదటి బస్సు ఏడింటిది. తొమ్మిదింటికి కొత్త బస్సు వేశారని నిన్ననే తెలిసినా, దాని కోసం ఎవరూ అడగలేదు కాబట్టి ఏడింటికే ఎక్కుతారు. గో చేసే లెక్క అచ్చం ఇదే. మన ప్రాజెక్టుకు అక్షరాలు విడదీసే ప్యాకేజీ కనీసం 1.2 కావాలి. మనం వాడే ఇంకో ప్యాకేజీకి అదే కనీసం 1.4 కావాలి. నిన్ననే 1.6 విడుదలైంది. గో 1.4ను ఎంచుకుంటుంది. అడిగినవాటిలో పెద్దది, ఉన్నవాటిలో కొత్తది కాదు.

జావాస్క్రిప్ట్ భాషలోని ఎన్‌పీఎమ్, రస్ట్ భాషలోని కార్గో వంటివి దీనికి ఎదురుగా వెళతాయి. హద్దుల్లో ఉన్నంతలో అన్నిటికన్నా కొత్తది తెస్తాయి. అలా తెచ్చినది రేపటికి మారిపోకుండా, ఏమేం తెచ్చామో లాక్ ఫైల్ అనే మరో ఫైల్‌లో బిగించిపెడతాయి. గోకు ఆ లాక్ ఫైల్ అవసరమే లేదు. కొత్త వెర్షన్ ఎన్ని విడుదలైనా, మన ఫైళ్లలో అడిగినవి మారనంతవరకు లెక్క మారదు. ఇవాళ వచ్చిన జవాబే వచ్చే ఏడాదీ వస్తుంది.

దీనిమీద ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆ 1.6లో ఒక భద్రతా లోపాన్ని సరిచేసి ఉంటే? గో దాన్ని తనంతట తానుగా తేదు కదా? నిజమే, తేదు. ‘గో గెట్ మైనస్ యూ’ అని మనమే అడగాలి. అడగడం మర్చిపోయిన ప్రాజెక్టు ఏళ్ల తరబడి పాత లోపంతోనే నడుస్తుంది. అయినా నేను గో పక్షమే. ఎందుకంటే, నేను అడగకుండా నా ప్రోగ్రామ్‌లోకి వచ్చే కొత్త కోడ్‌లో లోపం సరిదిద్ది ఉండొచ్చు, కొత్త లోపమూ ఉండొచ్చు. ఆ మార్పు నేను చూస్తుండగా, నేను కోరుకున్న రోజున, పరీక్షలన్నీ నడిపాక జరగాలి. పైగా మన కోడ్ నిజంగా పిలిచే ఫంక్షన్లలో తెలిసిన భద్రతా లోపాలున్నాయేమో చూసిపెట్టే ‘గోవల్న్‌చెక్’ అనే పనిముట్టును గో బృందమే 2022లో ఇచ్చింది. వారానికోసారి దాన్ని నడిపే అలవాటు ఉంటే ఈ అభ్యంతరం బరువు చాలా తగ్గుతుంది. అలవాటు లేని జట్లకు మాత్రం ఈ పద్ధతిలో ప్రమాదం ఉందని ఒప్పుకుంటాను.

ఈ ‘కనీసం’ లెక్క నిలబడాలంటే 1.2తో పనిచేసిన కోడ్ 1.4తో కూడా పనిచేయాలి. అందుకే గో ఒక నియమం పెట్టింది: పాత వాడకందారుల కోడ్ చెడిపోయేంత మార్పు చేస్తే, అంటే వెర్షన్ 2కు వెళితే, మాడ్యూల్ పేరు చివర స్లాష్ వీ2 అని చేర్చాలి. పేరు మారింది కాబట్టి అది వేరే మాడ్యూల్ కిందే లెక్క. మొదట్లో ఇది చాలామందికి చిరాకు తెప్పించింది, నాక్కూడా. కానీ ఒకే ప్రోగ్రామ్‌లో పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉంచుకుని, కోడ్‌ను కొంచెం కొంచెంగా మార్చుకునే సౌకర్యం దీనివల్లే వచ్చింది.

గో మాడ్ టైడీ గురించి ఇక్కడే చెప్పాలి. అది మన కోడ్‌లోని ఇంపోర్ట్ లైన్లన్నీ చదివి, కావలసినవి గో డాట్ మాడ్‌లో చేరుస్తుంది, అక్కర్లేనివి తీసేస్తుంది. కొందరు ముందు గో గెట్ కొడతారు, వెంటనే టైడీ కొడతారు, ఆ తర్వాత కోడ్ రాయబోతారు. తీరా చూస్తే ఇందాక తెచ్చిన ప్యాకేజీ లైన్ మాయమై ఉంటుంది. కోడ్‌లో ఇంకా ఎక్కడా ఇంపోర్ట్ చేయలేదు కాబట్టి టైడీ దాన్ని అక్కర్లేనిదిగా లెక్కేసింది. ముందు ఇంపోర్ట్ రాయండి, తర్వాత టైడీ. కొన్ని లైన్ల చివర ‘ఇన్‌డైరెక్ట్’ అని కనబడితే కంగారు పడొద్దు. మనం నేరుగా వాడకపోయినా, మనం వాడేవాటికి అవి కావాలని దాని అర్థం. ఫలానాది ఎందుకుందో తెలియకపోతే ‘గో మాడ్ వై’ అని అడిగితే ఎవరి ద్వారా వచ్చిందో దారంతా చూపిస్తుంది.

గో డాట్ సమ్ తాళం కాదు

పక్కనే పుట్టే రెండో ఫైల్ గో డాట్ సమ్. పొడవాటి అర్థంకాని వరుసలు చూసి దీన్ని లాక్ ఫైల్ అనుకునేవాళ్లే ఎక్కువ. ఏ వెర్షన్ వాడాలో అది చెప్పదు. ఒక మాడ్యూల్ ఫలానా వెర్షన్‌లోని ఫైళ్లన్నిటినీ కలిపి లెక్కగట్టిన హ్యాష్ మాత్రమే అందులో ఉంటుంది. వేలిముద్ర అనుకోండి. రేపు అదే పేరుతో, అదే వెర్షన్ నంబర్‌తో వేరే కోడ్ వస్తే వేలిముద్ర కలవదు, గో కమాండ్ అక్కడే ఆగిపోతుంది. గో-బిన్‌డేటా నాటి భయానికి ఇది ఒక జవాబు. అందుకే దీన్ని గో డాట్ మాడ్‌తో పాటు, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో తప్పకుండా పెట్టాలి.

మరి మొట్టమొదటిసారి తెచ్చినప్పుడే తప్పుడు కోడ్ వస్తే? పోల్చడానికి పాత వేలిముద్ర ఉండదు కదా. 2019 సెప్టెంబర్‌లో గో 1.13 నుంచి దీనికీ ఏర్పాటు జరిగింది. గూగుల్ నడిపే చెక్‌సమ్ డేటాబేస్‌లో బహిరంగ మాడ్యూళ్ల వేలిముద్రలు ఒక్కసారి రాస్తే చెరపడానికి వీల్లేని పద్ధతిలో నమోదవుతాయి. లోకమంతా ఒకే పుస్తకం చూస్తుంది కాబట్టి మీకొకటి, నాకొకటి చూపించడం కుదరదు. కోడ్ కూడా మామూలుగా ప్రాక్సీ అనే మధ్యవర్తి సర్వర్ ద్వారానే వస్తుంది. ప్రాక్సీ తన దగ్గర నకలు ఉంచుకుంటుంది కాబట్టి అసలు రచయిత రిపాజిటరీ తీసేసినా, చాలావరకు బిల్డ్‌లు ఆగవు. 2016 మార్చిలో ఎన్‌పీఎమ్ నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు లైన్ల ప్యాకేజీని రచయిత తీసేసినప్పుడు ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

కంపెనీలో పనిచేసేవాళ్లకు ఒక జాగ్రత్త. లోపలి కోడ్‌ను బయటి ప్రాక్సీ గానీ, చెక్‌సమ్ డేటాబేస్ గానీ చూడలేవు, కాబట్టి దొరకలేదని ఎర్రర్ వస్తుంది. పైగా మీ రహస్య ప్రాజెక్టు పేరు బయటి సర్వర్‌కు తెలిసిపోతుంది. ‘గోప్రైవేట్’ అనే సెట్టింగ్‌లో మీ కంపెనీ చిరునామా రాస్తే ఆ కోడ్ కోసం ప్రాక్సీని, డేటాబేస్‌ను అడగడం మానేస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే చేసుకోవాల్సిన పని ఇది.

రోజువారీ పని

ఇక మిగిలినవి తేలిక. ‘గో బిల్డ్’ ప్రోగ్రామ్‌ను తయారుచేస్తుంది. ‘గో రన్’ తాత్కాలికంగా ఒకచోట తయారుచేసి వెంటనే నడుపుతుంది. ఇక్కడొక ఉచ్చు ఉంది. ప్రోగ్రామ్ ఒకే ఫైల్‌లో ఉన్నంతకాలం ‘గో రన్ మెయిన్ డాట్ గో’ బాగానే నడుస్తుంది. రెండో ఫైల్ రాశాక, అందులోని ఫంక్షన్ ‘అన్‌డిఫైన్డ్’ అని ఎర్రర్ వస్తుంది. కారణం, మీరు ఒక ఫైల్ పేరే చెప్పారు, అది ఆ ఫైల్‌నే తీసుకుంది. ఫైల్ పేరు బదులు ఒక చుక్క పెట్టండి. చుక్క అంటే ‘ఈ ఫోల్డర్‌లోని ప్యాకేజీ మొత్తం’ అని. మొదటి రోజు నుంచే చుక్కతో నడపడం నేర్పిస్తే ఎన్నో సాయంత్రాలు మిగులుతాయి.

‘గోఫ్మ్ట్’ కోడ్‌ను ఒకే తీరులో సర్దుతుంది. అందులో మన ఇష్టాలకు తావు లేదు, లైన్ ముందు ఖాళీకి ట్యాబ్‌లే. ‘గో వెట్’ కంపైలర్ పట్టించుకోని అనుమానాస్పద చోట్లను చూపిస్తుంది, ఉదాహరణకు ప్రింట్‌ఎఫ్‌లో అంకె వచ్చే చోటని గుర్తు పెట్టి, అక్కడ అంకె బదులు పదాన్ని ఇవ్వడం. ఆ తనిఖీల్లో కొన్నిటిని గో టెస్ట్ తనంతట తానే చేస్తుంది.

గో టెస్ట్ దగ్గర కాస్త ఆగుదాం. ‘తెలుగు’ అనే మాట ఇస్తే 3 రావాలని ఒక పరీక్ష రాశామనుకోండి. మొదట లెన్ వాడితే 18 వస్తుంది, పరీక్ష తప్పుతుంది. యూనికోడ్ గుర్తులను లెక్కపెడితే 6, మళ్లీ తప్పుతుంది. గుణింతం గుర్తును హల్లుతో కలిపి ఒక్కటిగా చూసే యూనిసెగ్ వంటి ప్యాకేజీని తెచ్చుకుంటే తె, లు, గు అని 3 వస్తాయి. పాసైంది. గో టెస్ట్ తర్వాత చుక్క పెట్టి అదే కమాండ్ మళ్లీ కొడితే ఫలితం పక్కన ‘క్యాష్డ్’ అని కనబడుతుంది. 2018లో గో 1.10 నుంచి, ఏదీ మారకపోతే పరీక్షను మళ్లీ నడపకుండా పాత ఫలితాన్నే చూపిస్తోంది. కోడ్, మాడ్యూల్‌లోని ఫైళ్లు, ఎన్విరాన్‌మెంట్ సెట్టింగులు మారాయేమో అది చూసుకోగలదు. బయట ఉన్న డేటాబేస్ మారిందో లేదో దానికి తెలియదు. అలాంటి పరీక్షలకు ‘మైనస్ కౌంట్ ఈక్వల్స్ 1’ చేర్చి నిజంగా నడిపించాలి. రెండు గోరొటీన్లు (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనులు) ఒకే చోట ఒకేసారి చెయ్యి పెడుతున్నాయన్న అనుమానముంటే ‘మైనస్ రేస్’ చేర్చి నడపండి. నిదానంగా నడుస్తుంది కానీ, ప్రొడక్షన్‌లో పట్టుకోవడానికి రోజులు పట్టే తప్పును ఇక్కడే చూపించగలదు.

విండోస్ కోసం ప్రోగ్రామ్ కావాలి, మన దగ్గరున్నది లినక్స్. ‘గోఓఎస్’కు విండోస్ అని, ‘గోఆర్చ్’కు ప్రాసెసర్ పేరు ఇచ్చి గో బిల్డ్ కొడితే ఎక్సీ ఫైల్ తయారవుతుంది. సీ కోడ్ కలిసిన ప్యాకేజీలు ఉంటే తప్ప వేరే ఏర్పాట్లేవీ అక్కర్లేదు.

‘ధర’ పెట్టగలం, ‘పేరు’ పెట్టలేం

కాసేపు పక్కకు వెళ్లి తెలుగువాళ్లందరికీ చెప్పాలనిపించే ఒక విషయం. గో కోడ్ ఫైళ్లు యూటీఎఫ్-8లో ఉంటాయి, కాబట్టి వేరియబుల్‌కు తెలుగులో పేరు పెట్టొచ్చా? ‘ధర’ అని పెట్టి చూడండి, గో బిల్డ్ మారుమాట లేకుండా ఒప్పుకుంటుంది. ‘పేరు’ అని పెట్టండి, చెల్లని గుర్తు ఉందని ఆపేస్తుంది. గో నియమం ప్రకారం పేర్లలో యూనికోడ్ ‘అక్షరం’ అని వర్గీకరించినవి, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే ఉండాలి. ధ, ర రెండూ అక్షరాలే. ఏత్వం, కొమ్ము మాత్రం యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. దేవనాగరికీ ఇదే ఇబ్బంది. గుణింతం లేకుండా తెలుగులో ఎన్ని మాటలు రాయగలం?

రెండో అడ్డంకి కూడా ఉంది. గోలో ఒక పేరు ప్యాకేజీ బయటికి కనబడాలంటే పెద్దక్షరంతో మొదలవ్వాలి. తెలుగులో పెద్దక్షరం, చిన్నక్షరం అనే తేడానే లేదు. కాబట్టి ‘ధర’ ఎప్పటికీ ప్యాకేజీ లోపలే ఉండిపోతుంది. ఇది సులువుగా ఉండాలని కావాలనే పెట్టుకున్న నియమమని గో బృందమే చెప్పింది. సులువు ఎవరికి అన్నది అడగదగ్గ ప్రశ్న అనే నా అభిప్రాయం.

ఇంకో గో ఎందుకు దిగుతోంది?

ఈ మధ్య విద్యార్థులు అడిగే కొత్త ప్రశ్న ఇది. గో బిల్డ్ కొడితే, ఉన్న గో చాలదన్నట్టు ఇంకో గో డౌన్‌లోడ్ అవుతోంది. 2023 ఆగస్టులో వచ్చిన గో 1.21 నుంచి గో డాట్ మాడ్‌లోని గో వెర్షన్ లైన్‌కు బలం పెరిగింది. ఇక్కడ కూడా ‘కనీసం’ అనే మాటే. ప్రాజెక్టు అడిగిన దానికన్నా మీ దగ్గరున్న గో పాతదైతే, కావలసిన దాన్ని తనే తెచ్చుకుంటుంది. ఇంట్లో మంచి నెట్ ఉంటే గమనించరు కూడా. నెట్ పరిమితంగా ఉండే కాలేజీ ల్యాబ్‌లో మాత్రం అక్కడే చిక్కుకుంటుంది. ‘గోటూల్‌చైన్’ అనే సెట్టింగ్‌కు ‘లోకల్’ అని ఇస్తే ఉన్నదాంతోనే ప్రయత్నిస్తుంది, చాలకపోతే స్పష్టంగా చెబుతుంది. డిస్క్ నిండిపోయిందని దించుకున్న మాడ్యూళ్ల ఫోల్డర్‌ను చేత్తో తుడిచేయబోతే అనుమతి లేదంటుంది. ఎవరూ పొరపాటున మార్చకూడదని ఆ ఫైళ్లను చదవడానికి మాత్రమే ఉంచుతారు. ‘గో క్లీన్ మైనస్ మాడ్‌క్యాష్’ అంటే శుభ్రం చేస్తుంది.

మళ్లీ ‘అక్క’ దగ్గరికి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఇందాకటి ‘తెలుగు’ పరీక్ష పక్కన ‘అక్క’కు 2 రావాలని ఇంకో పరీక్ష రాశాం. మనం వాడుతున్న ప్యాకేజీ వెర్షన్ యూనికోడ్ 15.0 నియమాలు పాటించేదనుకోండి. గో టెస్ట్ కొడితే ‘తెలుగు’ పాసవుతుంది. అందులో ఒత్తు లేదు. ‘అక్క’ తప్పుతుంది: కావలసింది 2, వచ్చింది 3. మన కోడ్‌లో వెతికితే తప్పేమీ దొరకదు. 15.1 నియమాన్ని అమలు చేసిన వెర్షన్ విడుదలైందని తెలుసుకుని, గో గెట్‌తో ఆ వెర్షన్‌ను పేరు పెట్టి అడుగుతాం. తర్వాత గో మాడ్ టైడీ, మళ్లీ గో టెస్ట్. ఈసారి ‘క్యాష్డ్’ అని రాదు, ఎందుకంటే పరీక్ష ఆధారపడిన కోడ్ మారింది. రెండూ పాస్.

గిట్‌లో ఏం మారిందో చూస్తే, గో డాట్ మాడ్‌లో ఒక లైన్‌లో వెర్షన్ అంకె మారింది. గో డాట్ సమ్‌లో పాత వేలిముద్రల చోట కొత్తవి వచ్చాయి. ఈ మార్పును కమిట్ చేసి పంపేదాకా మీ కంప్యూటర్‌లో ‘అక్క’కు మూడక్షరాలే. మీరు దాన్ని తీసుకుని గో టెస్ట్ కొట్టగానే గో కమాండ్ కొత్త వెర్షన్‌ను దించుకుని, వేలిముద్ర సరిచూసి, మీకూ రెండని చూపిస్తుంది.